మిడ్‌బ్రెయిన్ క్లాసులు: ముక్కు పక్క సందుకు వందేళ్ళ చరిత్ర

మా హేతువాద సంఘం కార్యకర్తలను తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "బడి అయ్యాక మా పాపను ఒక క్లాసులో చేర్చమంటున్నారండీ. కళ్ళకు గంతలు కట్టినా పుస్తకం చదివేస్తారట. జ్ఞాపకశక్తి పెరుగుతుందట, మార్కులు పెరుగుతాయట. చేర్చమంటారా?" ఇలా అడిగేవాళ్ళలో బ్యాంకు ఉద్యోగులున్నారు, టీచర్లున్నారు, ఇంజనీర్లున్నారు. చదువులేనివాళ్ళే మోసపోతారన్న మాట ఇక్కడ చెల్లదు. ఈ సరుకు కొనేది చదువుకున్నవాళ్ళే. పిల్లల చదువు మీద వాళ్ళకున్న ఆశే అమ్మేవాడికి పెట్టుబడి.

చేర్చవద్దు అని ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. కానీ అలా చెబితే వచ్చే ఏడాది ఇంకో పేరుతో వచ్చే క్లాసు గురించి మళ్ళీ అడగాల్సి వస్తుంది. ఈ విద్య ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారి మన వీధి చివరి ట్యూషన్ సెంటర్ దాకా వచ్చింది అన్నది తెలిస్తే ఆ అవసరం ఉండదు. అందుకే ఈ వ్యాసం.

అమ్ముతున్నది ఏమిటి?

బడి వదిలాక పిల్లల కోసం నడిచే వ్యాపారాలు మనకు కొత్త కాదు. ట్యూషన్లు, హిందీ పరీక్షల క్లాసులు, సంగీతం, డ్రాయింగ్, కరాటే ఎప్పటినుంచో ఉన్నాయి. తర్వాత అబాకస్, హ్యాండ్‌రైటింగ్, స్పోకెన్ ఇంగ్లీషు వచ్చాయి. వీటిలో మంచివీ ఉన్నాయి, పనికిరానివీ ఉన్నాయి. కానీ ఏం నేర్పుతామని చెబుతున్నారో అది మన కంటికి కనిపించే విషయమే. ఆరు నెలల తర్వాత పిల్లవాడు గుణకారం వేగంగా చేస్తున్నాడో లేదో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

2010 తర్వాతి ఏళ్ళలో ఈ వరుసలోకి 'మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్' వచ్చి చేరింది. మలేషియా, ఇండొనేషియాల్లో వ్యాపారంగా పెరిగి, ఫ్రాంచైజీల రూపంలో భారతదేశానికి దిగుమతి అయింది. పద్ధతి దాదాపు అన్నిచోట్లా ఒకటే. అయిదు నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లల్ని రెండు రోజులు ఒక హాల్లో ఉంచుతారు. పాటలు, డ్యాన్సులు, ఆటలు, హెడ్‌ఫోన్లలో ఏదో సంగీతం. తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వరు. రెండో రోజు సాయంత్రానికి పిల్లలు కళ్ళకు గంతలు కట్టుకుని బంతి రంగు చెబుతారు, పేకముక్క చెబుతారు, కరెన్సీ నోటు నంబరు చదువుతారు. ఫీజు వేలల్లో ఉంటుంది. ఆ తర్వాత వారం వారం ప్రాక్టీసు క్లాసులు.

2015 వేసవిలో కృష్ణా జిల్లాలోని ఒక పట్టణంలో జరిగిన ఇలాంటి ఉచిత డెమోకి నేను వెళ్ళాను. కల్యాణమండపం నిండా జనం. పదేళ్ళ పాప ఒకతె గంతలతో వేదిక మీద కూర్చుని, ప్రేక్షకులు ఇచ్చిన పది రూపాయల నోటు నంబరు తప్పు లేకుండా చదివింది. చప్పట్లు మోగాయి. నోటును ఆ పాప ఎక్కడ పట్టుకుందో చూశాను. గుండెలకు ఎదురుగా, గడ్డానికి జానెడు కింద. చదివే ముందు తల కొంచెం వెనక్కి వాల్చింది. నేను లేచి, "నోటును పాప నెత్తి మీద నేను పట్టుకుంటాను, చదవమనండి" అన్నాను. "మీలాంటివాళ్ళ నెగెటివ్ వైబ్రేషన్లకు పిల్లల ఏకాగ్రత చెడుతుంది" అన్నాడు నిర్వాహకుడు. "కూర్చోండి మాష్టారూ, పిల్లను భయపెట్టకండి" అని ముందు వరసలోంచి ఒకాయన కసిరాడు. ఆయన ఆ పాప తండ్రి అని తర్వాత తెలిసింది. ఆ రెండు నిమిషాలూ పాప గంతలు కట్టిన మొహం నా వైపు తిరగలేదు. తండ్రి కూర్చున్న వైపే ఉంది.

మెదడు గురించి వాళ్ళు చెప్పేది, ఉన్నది

మధ్యమెదడు అన్నది కల్పితం కాదు. మెదడు కాండంలో పైభాగాన, సుమారు రెండు సెంటీమీటర్ల పొడవున ఉంటుంది. కనుపాప పెద్దదీ చిన్నదీ కావడం, కనుగుడ్ల కదలిక, ఉన్నట్టుండి చప్పుడైతే తల అటు తిరగడం, మెలకువగా ఉండడం, ఇలాంటి పనుల్లో దానికి ముఖ్యమైన పాత్ర ఉంది. అందులోని 'సబ్‌స్టాన్షియా నైగ్రా' అనే భాగంలో నాడీకణాలు చచ్చిపోతే పార్కిన్సన్ జబ్బు వస్తుంది. స్పృహ తప్పిన రోగి కంట్లో డాక్టరు టార్చి వేసి చూస్తాడు కదా, ఆ వెలుగుకు కనుపాప చిన్నదవుతోందా లేదా అని పరీక్షించేటప్పుడు ఆయన చూస్తున్నవాటిలో మధ్యమెదడు పనితీరు ఒకటి.

అంటే పుట్టిన క్షణం నుంచీ అది పని చేస్తూనే ఉంది. నిజంగానే పని చేయని పిల్లవాడు క్లాసుకు నడిచి రాడు, ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంటాడు. ఇక దాన్ని 'యాక్టివేట్' చేసేదేమిటి?

కుడి మెదడు, ఎడమ మెదడు కథ కూడా ఈ కరపత్రాల్లో తప్పక ఉంటుంది. దీని వెనక నిజమైన విజ్ఞానం కొంత ఉంది. మూర్ఛ రోగం తగ్గించడానికి మెదడు రెండు సగాలనూ కలిపే నాడుల కట్టను కోసిన రోగుల మీద రోజర్ స్పెర్రీ, ఆయన సహచరులు 1960ల నుంచి పరిశోధనలు చేశారు. భాష వంటి కొన్ని పనులు ఒక సగంలో ఎక్కువగా జరుగుతాయని చూపించారు. స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. మనుషుల్లో కుడి మెదడువాళ్ళు, ఎడమ మెదడువాళ్ళు అని రెండు జాతులున్నట్టు చెప్పడం ఆ పరిశోధనకు ప్రచారకులు తగిలించిన తోక. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1,011 మంది మెదడు స్కాన్లు పరిశీలించారు. ఒక మనిషిలో మొత్తం మీద ఏదో ఒక సగమే రాజ్యమేలుతున్న ఆధారం కనిపించలేదు. అయినా కరపత్రం మారలేదు. దానికి కావలసింది స్పెర్రీ పరిశోధన కాదు, నోబెల్ అన్న మాట.

కళ్ళు లేని చూపు: పాత కథ

గంతలు కట్టుకుని చదవడానికి మధ్యమెదడుతో సంబంధం ఈమధ్య అంటగట్టిందే. అసలు విద్య చాలా పాతది. ప్రతి తరంలోనూ ఆనాటి సైన్సు మాటల్లోంచి ఒకటి అరువు తెచ్చుకుని కొత్త పేరు పెట్టుకుంది.

1664లో రాబర్ట్ బాయిల్ రంగుల మీద రాసిన పుస్తకంలో, చేతి వేళ్ళతో తడిమి రంగులు చెప్పే ఒక అంధుడి సంగతి ఉంది. బాయిల్ స్వయంగా చూసింది కాదు, ఒక వైద్యుడు చెప్పగా రాసుకున్నది. 1920లో ఫ్రెంచి రచయిత జూల్ రొమేఁ చర్మంలోనే సూక్ష్మమైన కళ్ళున్నాయని, వాటితో చూడొచ్చని ఒక పుస్తకమే రాశాడు. 1962లో సోవియట్ యూనియన్‌లోని నిజ్నీ తాగిల్‌లో రోజా కులెషోవా అనే యువతి కళ్ళు కట్టుకుని వేళ్ళతో అక్షరాలు చదువుతోందన్న వార్త ప్రపంచమంతా పాకింది. మనస్తత్వవేత్తలు పరీక్షించారు, పత్రికలు ఫొటోలు వేశాయి. దానికి 'చర్మ దృష్టి' అన్న అర్థం వచ్చే గంభీరమైన పేరు పెట్టారు.

ఆ గాలి తీసినవాడు మార్టిన్ గార్డ్‌నర్. 1966 ఫిబ్రవరిలో 'సైన్స్' పత్రికలో ఆయన రాసిన వ్యాసం ఇప్పటికీ ఈ విషయంలో మొదట చదవాల్సింది. గార్డ్‌నర్‌కు ఇంద్రజాల విద్య బాగా తెలుసు. ఆయన చెప్పింది ఇంతే. ముక్కు ఎముక పైకి పొడుచుకుని ఉంటుంది కాబట్టి కళ్ళ మీద ఏ గంత కట్టినా ముక్కుకు రెండు పక్కలా సందు మిగులుతుంది. అందులోంచి కిందికి చూడొచ్చు. కళ్ళ మీద దూది పెట్టినా, ప్లాస్టర్లు వేసినా, కనుబొమలు, బుగ్గలు కదిపి ఆ సందు తెచ్చుకోవచ్చు. గారడీవాళ్ళందరికీ తెలిసిన ఈ సంగతి పరీక్షించే ప్రొఫెసర్లకు తెలియదు. నిజంగా పరీక్షించాలంటే గంతలు మానేసి, భుజాల మీద ఆనేలా తల మొత్తానికి పెట్టె తొడగాలని ఆయన సూచించాడు.

మన ఉపఖండం నుంచి ఈ విద్యకు పేరు తెచ్చినవాడు కశ్మీర్‌లో పుట్టిన ఖుదా బక్ష్. పాశ్చాత్య దేశాల్లో 'కుడా బక్స్' అనే పేరుతో ప్రదర్శనలిచ్చాడు. 1935లో ఇంగ్లండులో నిప్పుల మీద నడిచిన ప్రయోగం వల్ల మొదట ప్రసిద్ధుడయ్యాడు. కళ్ళ మీద పిండి ముద్దలు, వాటి మీద దూది, దాని మీద చుట్లు చుట్లుగా గుడ్డలు కట్టించుకుని పుస్తకాలు చదివేవాడు, సైకిలు తొక్కేవాడు. చివరి కాలంలో గ్లాకోమాతో ఆయన చూపు దెబ్బతింది. కళ్ళు లేకుండా చూసే విద్య నిజంగా ఉంటే దాని అవసరం అప్పుడే ఎక్కువ. అప్పుడది అక్కరకు రాలేదు. మన ఊళ్ళలో కూడా ప్రదర్శనకు ముందు రోజు మెజీషియన్ గంతలు కట్టుకుని బజారులో మోటారుసైకిలు నడపడం పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అది టిక్కెట్ల కోసం చేసే ప్రచారం. అది గారడీ అని చూసేవాళ్ళకూ తెలుసు. అందులో మోసం లేదు.

మోసం ఎక్కడ మొదలవుతుందో డాక్టర్ అబ్రహాం కోవూర్ స్పష్టంగా చూపించాడు. తిరువల్లలో పుట్టి, సిలోన్‌లో వృక్షశాస్త్రం బోధించి, అక్కడి హేతువాద సంఘానికి అధ్యక్షుడైన కోవూర్, 1963లో అతీంద్రియ శక్తులున్నాయనేవాళ్ళకు లక్ష రూపాయల సవాలు విసిరాడు. చేసి చూపించవలసిన పనుల జాబితాలో మొట్టమొదటిది, కవరులో పెట్టి సీలు వేసిన కరెన్సీ నోటు నంబరు చదవడం. 1978లో ఆయన చనిపోయేదాకా ఆ లక్ష రూపాయలు ఎవరూ గెలవలేదు. కల్యాణమండపంలో పదేళ్ళ పిల్ల చదివిందీ నోటు నంబరే. తేడా ఒక్క కవరు.

పిల్లల్ని వేదిక ఎక్కించిన కాలం

ఇంతవరకూ వచ్చిన కథలో చూపించేవాళ్ళు పెద్దవాళ్ళు. పిల్లలు పెద్ద ఎత్తున రంగంలోకి వచ్చింది చైనాలో. 1979 మార్చిలో సిచువాన్ రాష్ట్రపు పత్రిక ఒకటి, పన్నెండేళ్ళ కుర్రాడు చెవి దగ్గర పెట్టుకున్న కాగితపు ఉండలోని అక్షరాలను చదువుతున్నాడని రాసింది. కొద్ది నెలల్లోనే దేశం నలుమూలలా చెవులతో చదివే పిల్లలు, చంకలో పెట్టుకుని చదివే పిల్లలు బయలుదేరారు. కొందరు శాస్త్రజ్ఞులే సమర్థించారు, సమావేశాలు జరిపారు. వ్యతిరేకించిన శాస్త్రజ్ఞులూ ఉన్నారు. 1988లో చైనా పత్రిక ఒకటి ఆహ్వానించగా జేమ్స్ రాండీ, పాల్ కర్ట్జ్ తదితరులున్న అమెరికన్ బృందం అక్కడికి వెళ్ళింది. షియాన్ నగరంలో అలాంటి పిల్లల్ని పరీక్షించింది. కట్టుదిట్టాలు చేసినప్పుడు ఆ పిల్లలు చదవలేకపోయారు. కొన్ని పెట్టెలు తెరిచిన గుర్తులు కనిపించాయి.

చెవి పోయి గంత వచ్చింది, ఊరి వింత పోయి ఫీజు క్లాసు వచ్చింది. మన దగ్గరికి వచ్చినప్పుడు మొదట గట్టిగా ఎదుర్కొన్నవాళ్ళలో మంగళూరు హేతువాది, అఖిల భారత హేతువాద సంఘాల సమాఖ్య నాయకుడు నరేంద్ర నాయక్ ఒకరు. వైద్య కళాశాలలో బయోకెమిస్ట్రీ చెప్పిన మనిషి. 2010ల మధ్యలో ఆయన ఊరూరా తిరిగి, పిల్లలు చదువుతున్నది ముక్కు పక్క సందులోంచే అని చూపించారు. ఆ సందు మూస్తే మధ్యమెదడు కూడా మూతపడింది.

పేరు ఒక్కటే మారుతూ వస్తోంది. మిడ్‌బ్రెయిన్ అన్న మాట పాడైపోయిన చోట మూడో కన్ను అంటారు, అంతర్‌దృష్టి అంటారు, క్వాంటం రీడింగ్ అంటారు. 2019లో చైనాలో పిల్లలు పుస్తకం పేజీలు విసనకర్రలా తిప్పేస్తూ 'చదువుతున్న' వీడియో ఒకటి పెద్ద గొడవే రేపింది. 1979 నుంచి 2019కి నలభై ఏళ్ళు. వేదిక మీద ఉన్నది మళ్ళీ పిల్లలే.

పిల్లలే ఎందుకు?

దీనికి వ్యాపారులు చెప్పే జవాబు, పదిహేనేళ్ళు దాటితే మెదడు గట్టిపడుతుందని. నేననుకునే జవాబు వేరు. ముప్పై ఏళ్ళవాడికి గంత కట్టి రెండు రోజుల తర్వాత రంగు చెప్పమంటే, "సందులోంచి కనబడుతోందండీ" అని నవ్వేస్తాడు. పదేళ్ళ పిల్ల అనలేదు.

ఆ పిల్ల పరిస్థితి ఆలోచించండి. నాన్న వేల రూపాయలు కట్టాడు. పక్కన ఉన్న పిల్లలు ఒక్కొక్కరే చెప్పేస్తున్నారు. చెప్పినవాళ్ళకు చప్పట్లు, చెప్పనివాళ్ళను "ఇంకా యాక్టివేట్ కాలేదు" అని పక్కన కూర్చోబెడుతున్నారు. గంత కింద సన్నగా వెలుగు కనబడుతోంది. టీచరు "నీకు ఎలా కనిపించినా చెప్పెయ్యి, అదే శక్తి" అంటాడు. ఒకసారి చెప్పాక ఇక వెనక్కి పోవడానికి దారి లేదు. ఇంటికి వచ్చాక అమ్మమ్మ ముందు, పక్కింటివాళ్ళ ముందు, బడిలో వార్షికోత్సవం నాడు చేసి చూపించాలి. కొందరు పిల్లలు అది శక్తేనని నమ్ముతారు కూడా. కొందరికి తెలుసు, తెలిసి దాచుకుంటారు.

ఈ క్లాసుల వల్ల పోయేది డబ్బొక్కటే అయితే నేను ఇంత పొడుగు వ్యాసం రాయను. డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఇక్కడ పిల్ల నేర్చుకునే పాఠం ఏమిటంటే, అమ్మానాన్నలు సంతోషపడాలంటే అబద్ధం ఆడాలి. ప్రశ్న వేసినవాడు చెడ్డవాడు. నిజం చెబితే ఇంటి పరువు పోతుంది. బాబాల మాయలో పెద్దవాళ్ళు భక్తులుగా ఉంటారు. ఈ మాయలో మన పిల్లే బాబా, మనమే భక్తులం. ఆ పిల్ల మీద పడే బరువు ఎంతో ఊహించుకోవచ్చు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష

ఇప్పటికే చేర్పించినవాళ్ళకు ఒక మాట. పిల్లను నలుగురిలో నిలదీయకండి. వీడియో తీసి పరువు తీయకండి. తప్పు పిల్లది కాదు. దీన్ని ఆటగా చేయండి.

గంత మీరే కట్టుకోండి మొదట. గడ్డం కింద పుస్తకం పట్టుకుని కళ్ళు కిందికి దించండి. రెండు నిమిషాల్లో ముక్కు పక్క సందు మీకే దొరుకుతుంది. అది పిల్లకు చెప్పి నవ్వండి. "నాకూ కనబడుతోందమ్మా" అన్న మాట వినగానే చాలామంది పిల్లలు తేలికపడతారు.

ఇంకా అనుమానం ఉంటే లెక్కగా చేయొచ్చు. అయిదు రంగుల కార్డులు తీసుకోండి. పిల్ల మెడ చుట్టూ పెద్ద అట్టముక్కను పళ్ళెంలా కట్టండి, కింద ఉన్నది కనబడకుండా. లేదా కార్డును తల వెనక పట్టుకోండి. ఏ కార్డు తీయాలో చిట్టీలు వేసి నిర్ణయించండి. కార్డు పట్టుకున్నవాళ్ళకు కూడా దాని రంగు తెలియకూడదు. తెలిస్తే వాళ్ళ ఊపిరి, గొంతు, చెయ్యి ఏదో ఒకటి చెప్పేస్తుంది. ఇరవైసార్లు అడిగి రాసుకోండి. ఊరికే ఊహించి చెప్పినా సగటున నాలుగు ఒప్పవుతాయి. అయిదో ఆరో వచ్చాయని ఆశ్చర్యపోనక్కర్లేదు. పదీ అంతకు మించీ అదృష్టం మీద రావడం దాదాపు నాలుగు వందల సార్లకు ఒకసారి జరుగుతుంది. మెడకు అట్ట లేనప్పుడు ఇరవైకి ఇరవై చెప్పిన పిల్ల, అట్ట ఉన్నప్పుడు నాలుగైదు చెబితే, మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

లైటు తీసేసి చీకట్లో చదవమనడం ఇంకా సులువు. కళ్ళతో పని లేని చూపుకు వెలుతురుతో మాత్రం పనేమిటి?

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా. 2024 నవంబరులో ఆ సంస్థ కోచింగ్ రంగంలోని ప్రకటనల మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 ఉంది. కానీ ఫిర్యాదు చేయాలంటే మా పిల్ల అబద్ధమాడిందని ముందు తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. వ్యాపారికి ఉన్న అసలైన రక్షణ కవచం అదే.

సాయంత్రం క్లాసులన్నీ దండగా?

కాదు. కొందరు మిత్రులు ఆవేశంలో అబాకస్‌నూ మిడ్‌బ్రెయిన్‌నూ ఒకే గాటన కట్టేస్తుంటారు. అది సరికాదు. ఆధారం ఎంత చెబితే అంతే మాట్లాడాలి.

మన దేశంలోనే, గుజరాత్‌లోని వడోదరలో 204 మంది పిల్లల మీద డేవిడ్ బార్నర్, మైకేల్ ఫ్రాంక్ తదితరులు మూడేళ్ళపాటు అధ్యయనం చేసి 2016లో ప్రచురించారు. పిల్లల్ని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మనసులోనే పూసలు కదిపే అబాకస్ నేర్పారు. రెండో గుంపుకు అన్నే గంటలు మామూలు లెక్కలు అదనంగా చెప్పారు. అబాకస్ నేర్చినవాళ్ళు కూడికలు, గుణకారాల్లో మెరుగయ్యారు. కానీ జ్ఞాపకశక్తి వంటి మూల సామర్థ్యాల్లో మార్పు కనిపించలేదు. అంటే అబాకస్ లెక్కలు నేర్పుతుంది. కరపత్రంలో రాసినట్టు 'బ్రెయిన్ పవర్' పెంచదు. మొదటిది చెప్పి ఫీజు తీసుకుంటే వ్యాపారం, రెండోది చెప్పి తీసుకుంటే మోసం. ఇలా విడదీసి చూడగలగడమే మనం చేయాల్సిన పని.

అసాధారణమైన జ్ఞాపకశక్తిని ప్రదర్శించే సంప్రదాయం మన తెలుగువాళ్ళకే ఉంది. అష్టావధానం. అందులో పద్యాల విలువ సాహితీపరులు తేలుస్తారు. నాకు నచ్చేది దాని ఏర్పాటు. పృచ్ఛకులు ఎదురుగా కూర్చుని, అప్పటికప్పుడు ప్రశ్నలు వేస్తారు. అడ్డుపడటానికే ఒక మనిషిని, అప్రస్తుత ప్రసంగానికని, పక్కనే కూర్చోబెడతారు. అవధాని ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన పని. "నీ నెగెటివ్ వైబ్రేషన్ల వల్ల పద్యం రావడం లేదు" అని ఏ అవధానీ ఆయన్ని సభలోంచి పంపలేదు. ఉన్న సామర్థ్యానికి ప్రశ్న అంటే భయం లేదు.

బడి బయట పిల్లలకు సైన్సు నేర్పే పని కూడా మన ప్రాంతంలో చాలాకాలంగా జరుగుతోంది. 1962లో మొదలైన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1970 నుంచి పిల్లల కోసం 'యురేకా' పత్రిక నడిపింది, బాలవేదికలు పెట్టింది. మన దగ్గర 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రికతో, సైన్సు పరీక్షలతో పల్లెటూరి బడులదాకా వెళ్ళింది. 1993 నుంచి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ జరుగుతోంది. అందులో పిల్లలు తమ ఊరి నీళ్ళు, నేల, పంట మీద తామే కొలతలు తీసి చెప్పాలి. వీటిలో లోపాలు లేవని అనను. జనం చేయూత లేక చాలాచోట్ల కుంటుతున్నాయి కూడా. కానీ వీటిలో దేనికీ తలుపులు మూయాల్సిన అవసరం రాలేదు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన రాష్ట్రం మీదుగా వెళ్ళింది. హైదరాబాదు దగ్గరి జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రజ్ఞులు దాన్ని పరిశీలిస్తుంటే, ఊళ్ళలో జనం తలుపులు వేసుకుని పిల్లల్ని లోపల కూర్చోబెట్టారు. 2019 డిసెంబరు 26న గ్రహణం వచ్చేసరికి, ఫిల్టరు కళ్ళద్దాలు పెట్టుకుని బడి మైదానాల్లో నిలబడి చూసిన పిల్లలు చాలా ఊళ్ళలో ఉన్నారు. ఆ మార్పు దానంతటది రాలేదు. సాయంత్రాలు, ఆదివారాలు ఫీజు లేకుండా ఖర్చు పెట్టిన వందలాది టీచర్ల వల్ల వచ్చింది.

కాబట్టి తల్లిదండ్రులకు నేను చెప్పే సలహా ఇది. ఏ క్లాసులో చేర్చేముందయినా మూడు సంగతులు అడగండి. ఆరు నెలల్లో మా పిల్లకు ఏం వస్తుంది? అది వచ్చిందో లేదో మేమే ఎలా తెలుసుకోవాలి? క్లాసు జరిగేటప్పుడు వెనక కూర్చుని చూడొచ్చా? సంగీతం మాష్టారు మూడింటికీ జవాబు చెప్పగలడు. కరాటే మాష్టారు చెప్పగలడు. లెక్కల ట్యూషన్ మాష్టారూ చెప్పగలడు. వీటిలో ఒక్కదానికైనా కోపం తెచ్చుకునేవాడి దగ్గరికి పిల్లను పంపకండి.